పనిచోట హింసను ముందే ఆపడం: శంషాబాద్ సంస్థలకు ఒక దారి

పనిచోట హింస అనగానే తలలు పగిలిన సంఘటనలే గుర్తొస్తాయి. నివారణ కార్యక్రమం లెక్కలో మాత్రం హింస అంతకు చాలా ముందే మొదలవుతుంది. కౌంటర్ మీద గుద్దడం, "బయటికి రా, నీ సంగతి చూస్తా" అనడం, చేతిలో ఫోను లాక్కోవడం, షిఫ్టు దిగిన మనిషిని బస్‌స్టాప్ దాకా వెంబడించడం, సూపర్‌వైజర్ హమాలీ కాలర్ పట్టుకోవడం అన్నీ హింసే. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019 జూన్‌లో ఆమోదించిన 190వ ఒప్పందం బెదిరింపులను కూడా ఇందులోనే చేర్చింది. ఒక్కసారి జరిగినా చాలు, పదేపదే జరగనక్కర్లేదని చెప్పింది. ఇంటికీ పనికీ మధ్య సాగే ప్రయాణాన్ని కూడా పని పరిధిలోకి తెచ్చింది.

శంషాబాద్ చుట్టుపక్కల సంస్థలకు ఈ చివరి అంశమే అన్నిటికన్నా పెద్దది. 2008 మార్చిలో బేగంపేట నుంచి విమానాలు ఇక్కడికి మారాయి. అప్పటి నుంచి విమానాశ్రయం చుట్టూ కార్గో షెడ్లు, గోదాములు, హోటళ్లు, క్యాబ్ పార్కింగులు, ఔటర్ రింగ్ రోడ్డు టోల్‌ప్లాజాలు పెరిగాయి. రాత్రి రెండింటికి ఊరు నిద్రపోతుంటే ఇక్కడ షిఫ్టు మధ్యలో ఉంటుంది. ఒకే కౌంటర్ దగ్గర విమాన సంస్థ ఉద్యోగి, గ్రౌండ్ హ్యాండ్లింగ్ ఏజెన్సీ మనిషి, హౌస్‌కీపింగ్ కాంట్రాక్టరు కింద పనిచేసే ఆమె నిలబడి ఉంటారు. కాపలా సీఐఎస్ఎఫ్‌ది. కేసు రాసేది స్థానిక ఠాణా. ప్రయాణికుడు చెయ్యి ఎత్తితే ఎవరి మనిషికి దెబ్బ తగిలినట్టు? ఈ ప్రశ్నకు జవాబు ముందే రాసుకోని సంస్థలో సీసీ కెమెరాలు ఎన్ని ఉన్నా దొరికేది వీడియో మాత్రమే.

మన దేశంలో ప్రతి సంస్థా హింస నివారణ ప్రణాళిక రాసుకుని తీరాలని చెప్పే ఒకే చట్టమంటూ లేదు. మహిళలపై లైంగిక వేధింపులకు 2013 చట్టం ఉంది. ఆసుపత్రుల కోసం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2008లో తెచ్చిన చట్టం ఉంది. విమానంలో రగడ చేసేవారికి పౌర విమానయాన డైరెక్టరేట్ నిబంధనలున్నాయి. మిగతాదాంట్లో చాలా భాగం నేర చట్టాల కిందికి వస్తుంది, అంటే దెబ్బ తగిలాక పనికొచ్చేదే. కాలిఫోర్నియాలో 2024 జూలై 1 నుంచి దాదాపు ప్రతి యజమానీ రాతపూర్వక ప్రణాళిక, సంఘటనల రిజిస్టరు, ఏటా శిక్షణ ఏర్పాటు చేయాల్సి వచ్చింది. అక్కడి ప్రణాళికలో శంషాబాద్‌కు పనికొచ్చే ముక్క ఒకటుంది. హింసను అది ఎవరి నుంచి వస్తుందన్న దాన్ని బట్టి నాలుగు రకాలుగా విడదీస్తారు: సంస్థతో ఏ సంబంధమూ లేని బయటివాడు, సేవ కోసం వచ్చినవాడు, సాటి ఉద్యోగి, ఉద్యోగి సొంత జీవితంలోని మనిషి. ఈ నాలుగింటికీ మందు ఒకటి కాదు. గేటు దగ్గర గార్డును పెంచితే మొదటి రకం తగ్గవచ్చు. మూడో రకం ఆ గార్డు మీదే జరుగుతూ ఉండవచ్చు.

మొదటి రకానికి ఈ ప్రాంతం చెప్పుకోవాల్సిన ఉదాహరణ 2019 నవంబరు 27 రాత్రిది. ఒక యువ పశువైద్యురాలు తొండుపల్లి టోల్‌ప్లాజా దగ్గర స్కూటర్ పెట్టి వెళ్లి, తిరిగొచ్చేసరికి టైరులో గాలి లేదు. సాయం చేస్తామని వచ్చింది అక్కడ లారీ ఆపుకున్నవారే. మర్నాడు షాద్‌నగర్ సమీపంలోని చటాన్‌పల్లి దగ్గర ఆమె మృతదేహం దొరికింది. ఆ రాత్రి కుటుంబం ఠాణాకు వెళితే పరిధి ఎవరిదన్న మాట మీద సమయం పోయింది. ముగ్గురు పోలీసు సిబ్బంది సస్పెండయ్యారు. ఆ తర్వాత నిందితులు చనిపోయిన పోలీసు ఎన్‌కౌంటర్ గురించి దేశమంతా మాట్లాడింది. ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు బండ్లు ఎక్కడ పెడుతున్నారు, అక్కడ దీపాలున్నాయా, రోడ్డు పక్కన లారీలు ఎంతసేపు ఆగుతున్నాయి అన్న ప్రశ్నలకు అంత గొంతు దొరకలేదు. నివారణకు అక్కరకొచ్చేవి ఆ ప్రశ్నలే.

రెండో రకం, అంటే సేవ కోసం వచ్చినవారి కోపం, శంషాబాద్‌లో రోజూ కనిపించేది. దీని చివరి అంచు ఎలా ఉంటుందో అదే నవంబరులో, అదే రంగారెడ్డి జిల్లాలో తెలిసింది. నవంబరు 4న అబ్దుల్లాపూర్‌మెట్ తహసీల్దార్ విజయారెడ్డిని ఆమె కార్యాలయంలోనే, భూమి వివాదంతో వచ్చిన ఒక వ్యక్తి పెట్రోలు పోసి నిప్పంటించి చంపాడు. కాపాడబోయిన డ్రైవరు కూడా కాలిన గాయాలతో చనిపోయాడు. తర్వాత కొన్ని తహసీల్దార్ కార్యాలయాల్లో అధికారి బల్లకూ అర్జీదారుకూ మధ్య తాడు కట్టారు. భయం అర్థం చేసుకోదగ్గదే. అయితే తాడు ఆపేది అడుగును. నెలల తరబడి తిరిగిన మనిషి గొంతు ఎప్పుడు మారిందో గమనించి రాసిపెట్టే పని తాడు చేయదు.

విమానాశ్రయంలో ఇదే కథ చిన్న రూపంలో నడుస్తుంది. 2017 జూన్‌లో విశాఖపట్నం విమానాశ్రయంలో అనంతపురం ఎంపీ జె.సి. దివాకర్ రెడ్డి హైదరాబాద్ విమానానికి ఆలస్యంగా వచ్చారు. బోర్డింగ్ పాస్ ఇవ్వలేదని గొడవ చేసి ప్రింటర్ పడేశారని ఆరోపణ వచ్చింది. విమాన సంస్థలు కొంతకాలం ఆయన్ను ఎక్కించుకోబోమన్నాయి. ఆ ఏడాది సెప్టెంబరులో పౌర విమానయాన డైరెక్టరేట్ రగడ చేసే ప్రయాణికులను మూడు స్థాయులుగా విడదీసింది. మాటలతో చేస్తే మూడు నెలల దాకా, చేయి చేసుకుంటే ఆరు నెలల దాకా, ప్రాణం మీదికి తెస్తే కనీసం రెండేళ్లు నిషేధం. చాలామంది గమనించని సంగతి ఏమిటంటే, ఈ నిబంధన విమానం లోపలి ప్రవర్తనకే. టెర్మినల్‌లో జరిగినదాన్ని భద్రతా సంస్థలు మామూలు నేర చట్టాల కింద చూడాలి. కౌంటర్‌లోని అమ్మాయికి నిషేధాల జాబితా రక్షణ కాదన్నమాట. ఆమెకు ఉండాల్సింది తన సంస్థ సొంత ఏర్పాటు.

ఆ ఏర్పాటు ఎలా మొదలుపెట్టాలి? పెద్ద బడ్జెట్టు, కన్సల్టెంటు అక్కర్లేదు. ముప్పై మంది ఉన్న గోదాము కూడా ఒక నెలలో మొదటి రూపం తేగలదు.

1. బాధ్యుడి పేరు రాయాలి. "యాజమాన్యం బాధ్యత" అంటే ఎవరిదీ కాదు. ప్రతి షిఫ్టుకూ ఒక పేరు, ఒక ఫోను నంబరు గోడ మీద ఉండాలి, తెలుగు, హిందీ రెండింట్లో. ఇక్కడి గోదాముల్లో బిహార్, ఒడిశా కూలీలు కూడా ఉంటారు. కాంట్రాక్టరు మనుషులు ఈ ఏర్పాటు కిందికే వస్తారని ఒప్పందంలోనే రాసుకోవాలి. దెబ్బ తిన్నది ఎవరి మస్టర్‌లో ఉన్న మనిషైనా, ఫిర్యాదు తీసుకోవాల్సింది ఆ ఆవరణ నడిపే సంస్థే.

2. చోటు నడిచి చూడాలి, అదీ రాత్రి షిఫ్టు మారే వేళ. పగలు పదకొండింటికి చేసే తనిఖీలో అన్ని దీపాలూ వెలుగుతున్నట్టే ఉంటాయి. గేటు నుంచి బస్సు ఆగే చోటు దాకా నడవాలి. ఎక్కడ చీకటి? ఎక్కడ ఫోను సిగ్నల్ పోతుంది? నగదు లెక్కపెట్టే గదికి రెండో దారి ఉందా? కోపంగా ఉన్న మనిషి నిలబడేది తలుపుకూ ఉద్యోగికీ మధ్యనా? కౌంటర్ మీద విసరడానికి వీలుగా ఏమున్నాయి? ఈ నడకలో మేనేజరుతో పాటు హౌస్‌కీపింగ్ ఆమె, గార్డు, లోడింగ్ మేస్త్రి ఉండాలి. ఏ మూలన నిలబడటానికి భయమో వాళ్లకే తెలుసు. రాత్రిపూట ఒంటరిగా నగదు చూసే పని ఉంటే దాన్ని ముందు మార్చాలి. 2024 నవంబరు చివర్లో షికాగో ప్రాంతంలో ఒక పెట్రోల్ బంకులో ఖమ్మం జిల్లా విద్యార్థి కాల్పులకు బలయ్యాడు.

3. చిన్న సంఘటనలకు ఒక పుస్తకం పెట్టాలి. మొత్తం కార్యక్రమంలో ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఇచ్చేది ఇదే. ఎక్కువమంది ఎగ్గొట్టేదీ ఇదే. తేదీ, సమయం, చోటు, ఏమన్నాడు, ఎవరు చూశారు, తర్వాత ఏం చేశారు: ఈ ఆరు గడులు చాలు. అన్న మాట అన్నట్టే రాయాలి. "అసభ్యంగా మాట్లాడాడు" అని రాస్తే రేపు ఎవరికీ ఏమీ తెలియదు. "చూస్తా" అన్నాడా, "చంపుతా" అన్నాడా అన్న తేడాలోనే ప్రమాదం స్థాయి తెలుస్తుంది. రాయడం రానివారు నోటితో చెబితే బాధ్యుడు రాసి, చదివి వినిపించాలి.

ఈ పుస్తకం ఏం పట్టిస్తుందో చూపడానికి ఒక ఊహా సన్నివేశం. గోదాము డాక్ దగ్గర నాలుగు గంటలుగా బండి ఖాళీ కాక లారీ డ్రైవరు ఆగి ఉన్నాడు.

"అన్నా, పొద్దటి సంది ఈడనే ఉన్న. నా బండి ఎప్పుడు తీస్తరు?"

"నీ లెక్కనే పది బండ్లున్నయ్. ఆగు."

"తిండి లేదు, నీళ్లు లేవు. ఎంతసేపాగాలె? మా ఓనర్ నాకు పైసలు కోస్తడు."

"అదంత నాకు చెప్పకు. పో అవతలికి."

ఈ దశలో ఎవరూ ఎవరినీ కొట్టలేదు. అయినా పుస్తకంలో ఇది రాసి ఉంటే, వారం తిరిగేసరికి ఒకే డాక్ దగ్గర ఇలాంటివి ఐదు కనిపిస్తాయి. అప్పుడు చేయాల్సింది గార్డును పెంచడం కాదని ఎవరికైనా తెలుస్తుంది. టోకెను పద్ధతి, మంచినీళ్లు, కూర్చోవడానికి నీడ, బండి ఎప్పుడు తీస్తారో నిజం చెప్పే ఒక బోర్డు పెట్టాలి. "పో అవతలికి" అన్న సూపర్‌వైజర్‌తో మాట్లాడాలి. గొడవల్లో చాలా భాగం ఆలస్యం నుంచి పుడుతుంది. ఆలస్యం గురించి నిజం చెప్పకపోవడం దాన్ని మంట చేస్తుంది. 2024 జనవరిలో ఢిల్లీలో పొగమంచు వల్ల విమానం ఆలస్యమవుతోందని ప్రకటిస్తున్న పైలట్‌ను ఒక ప్రయాణికుడు కొట్టాడు. తప్పు కొట్టినవాడిదే. కానీ గంటల తరబడి ఎదురుచూసినవారి ముందుకు ఒక్క మనిషిని పంపడం ఎంత ప్రమాదమో ఆ ఘటన వీడియో చూసిన ప్రతి స్టేషన్ మేనేజరుకూ అర్థమై ఉండాలి. చెడు కబురు చెప్పేటప్పుడు ఇద్దరు ఉండాలి. ఒకరు చెబుతారు, ఒకరు గుంపును చూస్తుంటారు.

4. వెనక్కి తగ్గే అధికారం ఇవ్వాలి. మన ఉద్యోగాల్లో దీనికి అడ్డొచ్చేది "కస్టమర్ దేవుడు" అన్న మాట. దేవుడు కాలర్ పట్టుకుంటే ఏం చేయాలో ఏ శిక్షణలోనూ చెప్పరు. కింది స్థాయి ఉద్యోగికి రాతపూర్వకంగా ఇవ్వాల్సిన హామీ ఇది: తిట్టు బెదిరింపుగా మారితే కౌంటర్ వదిలి లోపలికి వెళ్లవచ్చు. అందుకు జీతం కోయరు, మెమో ఇవ్వరు. శిక్షణ ఈ హామీ చుట్టూ నడవాలి. గొంతు పెంచకూడదు. చేతులు కనిపించేలా ఉంచాలి. వేలు చూపకూడదు. "సార్, మీ ఇబ్బంది నాకు అర్థమైంది. నా చేతిలో ఉన్నది ఇది. దీనికి పైన నిర్ణయించేవారిని పిలుస్తాను" అనే రెండు మూడు వాక్యాలు నోటికి అలవాటు కావాలి. ఆ పైవారు నిజంగా రావాలి, ఐదు నిమిషాల్లో. వాళ్లు రాకపోతే మర్యాదగా చెప్పిన ఆ వాక్యమే కోపం పెంచుతుంది. మాటల్లో ఒక సంకేతం పెట్టుకుంటే ఇంకా మంచిది. "ఎర్ర ఫైలు తెస్తావా అక్కా" అంటే పక్క కౌంటర్ ఆమె సీఐఎస్ఎఫ్‌ను పిలవాలి. శిక్షణలో ఒక గంట ఉపన్యాసం కన్నా పావుగంట నాటకం మేలు. ఒకరు కోపంగా ఉన్న ప్రయాణికుడు, ఒకరు కౌంటర్ ఉద్యోగి. మొదట అందరూ నవ్వుతారు. రెండోసారి నవ్వరు.

5. ఇంటిదాకా దారి చూడాలి. 2019 డిసెంబరులో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఆర్టీసీ మహిళా ఉద్యోగులకు రాత్రి 8 దాటాక డ్యూటీలు వద్దన్నారు. ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ రాత్రే ఎక్కువ పని ఉండే విమానాశ్రయంలో ఆడవాళ్లను రాత్రి షిఫ్టు నుంచి తప్పించడమంటే వాళ్ల జీతాన్ని, పదోన్నతిని తప్పించడమే. 2020 నాటి వృత్తి భద్రత కోడ్ రాత్రి ఏడు దాటాక, ఉదయం ఆరుకు ముందు మహిళల పనికి వాళ్ల అంగీకారం, భద్రతా ఏర్పాట్లు కావాలంది. 2025 నవంబరు 21 నుంచి అది అమల్లోకి వచ్చింది. ఆచరణలో దీనికి అర్థం: సంస్థ క్యాబ్‌లో చివరి డ్రాప్ మహిళ కాకూడదు. తప్పదనుకుంటే ఎస్కార్టు ఉండాలి. డ్రైవరు పేరు, బండి నంబరు ముందే ఫోనులో రావాలి. ఇంటికి చేరాక చేరినట్టు సంస్థకు తెలియాలి, తెలియకపోతే అర్ధరాత్రైనా ఎవరో ఒకరు ఫోను చేయాలి. సొంత బండి మీద వచ్చేవారికి ఆవరణ లోపలే, దీపం కింద పార్కింగ్ ఇవ్వాలి. తెలంగాణ పోలీసుల టీ-సేఫ్ సేవతో ప్రయాణం సాగినంతసేపూ వాళ్ల గమనింపు కోరవచ్చు. అది సంస్థ బాధ్యతకు తోడే గాని బదులు కాదు.

6. అంతర్గత కమిటీని కాగితం మీద నుంచి దించాలి. పదిమంది లేదా అంతకన్నా ఎక్కువ ఉన్న ప్రతి సంస్థకూ 2013 చట్టం కింద కమిటీ ఉండాలి. అధ్యక్షురాలు సీనియర్ మహిళా ఉద్యోగి, కనీసం సగం మంది మహిళలు, బయటి సభ్యులు ఒకరు. సంస్థ ఏర్పాటు చేసిన వాహనం కూడా ఆ చట్టం లెక్కలో పనిచోటే. ఫిర్యాదుకు మూడు నెలల గడువు, విచారణకు తొంభై రోజులు. పదిమంది లోపు ఉంటే, లేదా యజమాని మీదే ఫిర్యాదైతే, జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్లాలి. క్యాంటీన్ అమ్మాయికి ఈ సంగతి తెలుసా? ఆమెను అడిగితే కమిటీ బతికుందో లేదో తెలిసిపోతుంది.

నాలుగో రకం హింస గురించి సంస్థలు మాట్లాడవు, "ఇంటి గొడవ మనకెందుకు" అంటాయి. భర్త తాగి గేటు దగ్గరికి వచ్చి ఆమెను బయటికి పిలవమంటే గార్డు ఏం చేయాలి? చాలాచోట్ల పిలుస్తాడు. నియమం తేలిక: ఉద్యోగి ఇక్కడ ఉందో లేదో కూడా గేటు దగ్గర చెప్పకూడదు. ముందు ఆమెను అడగాలి. అవసరమైతే షిఫ్టు వేళ, దిగే గేటు మార్చాలి. 181 మహిళా హెల్ప్‌లైన్ గురించి ఆమెకు విడిగా చెప్పాలి. ఈ విషయం ఇద్దరికి మించి తెలియకూడదు.

7. జరిగిపోతే తొలి గంటలు ఎలా గడపాలో ముందే రాసుకోవాలి. కోల్‌కతా ఆర్.జి. కర్ ఆసుపత్రిలో వైద్యురాలి హత్య తర్వాత 2024 ఆగస్టులో కేంద్ర ఆరోగ్య శాఖ, సిబ్బందిపై దాడి జరిగితే ఆరు గంటల్లోపు సంస్థ అధిపతే ఎఫ్ఐఆర్ దాఖలు చేయించాలని కేంద్ర ప్రభుత్వ ఆసుపత్రులను ఆదేశించింది. ఆసుపత్రి కాని సంస్థలూ ఈ పద్ధతిని తీసుకోవచ్చు. దెబ్బ తిన్న మనిషే ఒంటరిగా ఠాణాకు వెళితే, బయటికొచ్చేసరికి రాజీ పడమనేవారే ఎక్కువ. సంస్థ ఫిర్యాదుదారుగా నిలబడితే ఆ ఒత్తిడి తగ్గుతుంది. ముందు చికిత్స, తర్వాత సాక్షుల పేర్లు, కెమెరా దృశ్యాలను చెరిగిపోకముందే భద్రపరచడం, ఇంటివాళ్లకు కబురు, జీతంతో సెలవు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయగల (కాగ్నిజబుల్) నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా సమాచారం నమోదు చేయాలి. అది మా పరిధి కాదన్న మాట వినిపిస్తే ఈ సెక్షన్ పేరు చెప్పగలిగే మనిషి ప్రతి షిఫ్టులో ఒకరుండాలి. ప్రాణాపాయమైతే 112కే.

ఏర్పాటు మొదలయ్యాక ఆరు నెలలకోసారి సంఘటనల పుస్తకం తెరిచి చూడాలి. మొదటి ఆరు నెలల్లో నమోదులు పెరిగితే కంగారు పడక్కర్లేదు, జనం చెప్పడం మొదలుపెట్టారని అర్థం. పుస్తకం ఖాళీగా ఉంటే మాత్రం యజమాని ఆ రోజే హౌస్‌కీపింగ్, లోడింగ్ రాత్రి షిఫ్టుల వారిని సూపర్‌వైజర్ లేని చోట కూర్చోబెట్టి, ఎందుకు రాయడం లేదో అడగాలి.